పర్లేదుగారి నష్టం

ఆయనకూ తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది. కానీ ఎవరైనా ఆ పేరు పెట్టి పిలిస్తే, వెనక ఇంకెవరో వస్తున్నారేమోనని తిరిగి చూసేవాడు. వాగు పక్కన పొలాలూ పశువులూ ఉన్నవాళ్ళందరికీ ఆయన పర్లేదుగారు. ముఖం ముందు 'గారు' ఉండేది, వీపు వెనక ఉండేది కాదు. అంతే తేడా.

ఎవరు ఏమడిగినా ఆయన నోటివెంట ముందు వచ్చే మాట అదే మరి. చిన్నప్పుడు గడ్డివామి మీంచి పడి చెయ్యి విరిగితే, విరిగిన చేతిని రెండో చేత్తో పట్టుకుని ఇంటికొచ్చి, ఏమైందిరా అని తల్లి అడిగితే "పర్లేదమ్మా" అని, ఆ తర్వాత గుమ్మంలోనే కళ్ళు తిరిగి పడిపోయాడు. పెళ్ళైన కొత్తలో భార్య వండిన కూరలో ఉప్పు రెండుసార్లు పడింది. ఎలా ఉందండీ అని ఆవిడ అడిగింది. "పర్లేదు" అన్నాడు. అది మెప్పో దెప్పో తేలక ఆవిడ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, నీళ్ళచెంబు కోసం పరిగెత్తింది. ఆ రోజు నుంచి ఆయన్ను రుచి అడగడం మానేసి, మొహం చూడడం నేర్చుకుంది.

ఈ అలవాటు ఊరికే రాలేదు. ఆయన తండ్రి ఏడుపుగొట్టు మనిషి. వాన పడితే వాన అని, పడకపోతే పడలేదని, దారినపోయే ప్రతివాడినీ ఆపి తన గోడు వెళ్ళబోసుకునేవాడు. చివరికి ఆయన అరుగు మీద కూర్చుంటే జనం చుట్టుదారిన పోవడం మొదలుపెట్టారు. తల్లి కొడుకును పక్కకు పిలిచి చెప్పింది. "ఒరేయ్, నష్టాన్ని నోటితో పిలవకు. పిలిస్తే వింటుంది. ఈ ఇంట్లో నాకు మర్యాద ఉందనుకుని తిష్ఠ వేస్తుంది." పిల్లవాడు ఆ మాటను పలుపుతాడులా మెడకు కట్టుకున్నాడు. అరవై దాటినా విప్పలేదు.

ఆ పలుపుతాడు వల్లే ఇంకో వింత కూడా జరిగింది. పాల కేంద్రం పెట్టినప్పుడు పశువులు ఎవరి పేరున రాయాలో చెప్పమంటూ గుమాస్తా ఇల్లిల్లూ తిరిగాడు. అందరి ఇళ్ళలోనూ మగవాళ్ళు గొంతు సవరించుకుని తమ పేరు చెప్పారు. ఈయన పొదుగు కింద కూర్చుని పాలు తీస్తున్నాడు. మధ్యలో లేస్తే దొరసాని తన్నుతుంది. దొరసాని అంటే ఆవు. "ఎవరి పేరైతేనేం, పర్లేదు, ఆవిడ పేరే రాసుకో" అన్నాడు. గుమాస్తా ఆవిడ పేరు రాసుకుని కార్డు చేతిలో పెట్టి పోయాడు. దాని సంగతి మళ్ళీ ఎవరూ తలచుకోలేదు.

ఆవులకు పేర్లు పెట్టేది ఆవిడే. ప్రతి గాటిలోనూ ముట్టె పెట్టి, ఎవరికి ఏం వేశారో చూసుకుంటే గానీ తన మేత ముట్టని ముసలావు అత్తగారు. నెమ్మదిగా నడిచేది నిదానం. దాని కడుపున పుట్టి, తలుపు తియ్యకముందే బయటికి రావాలని చూసే పెయ్య తొందర. మెడ కింద నిమిరితే తప్ప పాలు చేపనిది దొరసాని. ఇంకొన్ని ఉన్నాయి గానీ, ఈ కథకు కావలసినవి ఈ నాలుగే. ఎందుకంటే వాగు తీసుకుపోయింది వీటినే.

అది ఒక తెల్లవారుజామున వచ్చింది. చెప్పి రాలేదు. మొగుడూ పెళ్ళాలు నడుం లోతు నీళ్ళలో కొట్టంలోకి దిగి పలుపులు కోశారు. ఆవిడ ముందు వరసను తోలుకుని రోడ్డు మీదికి ఎక్కింది. ఆయన వెనక వరస దగ్గరికి చేరేసరికి వెనక గోడ పక్కన రేకులు విరిగి పడ్డాయి. నిదానం ఎటు పోయిందో కనపడలేదు. దొరసాని, తొందర రేకుల కింద ఉండిపోయాయి. అత్తగారు బయటపడింది, తీరా గుమ్మం దాటాక ఏదో మరిచిపోయినట్టు వెనక్కి తిరిగి లోపలికి వెళ్ళింది. ఎవరి గాటిలో ఏముందో చూడడానికే అయ్యుంటుంది.

నీళ్ళు తీశాక, మిగిలిన పశువుల్ని గట్టు మీద ప్రభుత్వం వేసిన పశువుల శిబిరంలో పెట్టారు. వాటితో ఆవిడ అక్కడే ఉండిపోయింది. ఆయన ఇంటికొచ్చాడు.

"అన్నా, ఒక్కమాట," అన్నాడు పొరుగున గొర్రెల మంద ఉన్నాయన, కంచె అవతల నిలబడి. "నష్టం రాసేవాళ్ళొస్తున్నారు. ఉన్నదున్నట్టు ఉంచు. పార ముట్టుకోకు, చీపురు ముట్టుకోకు."

"ఉంచడానికేముంది, అంతా బురదేగా."

"ఆ బురదే కావాలి! నేను చూడు, ఎండిపోకుండా పొద్దునా సాయంత్రం బకెట్టుతో తడుపుతున్నా."

ఆయన తలూపాడు. మంచి సలహా అని ఒప్పుకున్నాడు కూడా. కానీ ఇంటికి ప్రభుత్వం వాళ్ళు వస్తున్నారంటే, వచ్చేవాళ్ళు ఎవరైనా అతిథులే కదా. అతిథి వచ్చేసరికి వాకిట్లో మోకాలి లోతు బురద ఉంటే వాళ్ళు కాలెక్కడ పెడతారు? ముందు నడవడానికి దారి మాత్రం చేద్దామనుకుని పార తీశాడు. దారి చేశాక పక్కన ఉన్నది అసహ్యంగా కనపడింది. అదీ తీశాడు. పోయిన పశువుల్ని ఎలాగూ పాతిపెట్టాలి. పెరట్లో గుంట తీసి, మూడింటినీ పాతి, పైన నేల చదును చేశాడు. ఆ పని చేస్తున్నంతసేపూ పలకరించినవాళ్ళకు పార ఎత్తి చూపించాడు. కొట్టం తలుపు కొట్టుకుపోయింది కాబట్టి ఇంటి తలుపు ఊడదీసి దానికి బిగించాడు. రేకులు సరిపోకపోతే కోళ్ళగూటి రేకులు పీకి పైన వేశాడు. గోడ మీద మురికి చార మిగిలింది. అటక మీద పాత సున్నం డబ్బా ఉంది. అంతే. ఆయన ఆగలేకపోయాడు.

నష్టం రాసే అమ్మాయి వచ్చేసరికి వాగు పక్కన అన్ని ఇళ్ళూ ప్రళయంలా ఉన్నాయి, ఈ ఒక్క ఇల్లు పెళ్ళికి ముస్తాబైనట్టుంది. పాపం, చిన్న పిల్ల. బూట్ల నిండా గొర్రెలాయన బురద. చేతిలో పలకలాంటి ఫోను. ఉన్న ఒక్క మంచి కుర్చీ వేసి ఆయన కూర్చోబెట్టాడు. బూట్లు కడుక్కోవడానికి నీళ్ళిచ్చాడు. టీ పెట్టాడు.

"మీకెంత నష్టం జరిగిందండీ?" అని అడిగింది ఆ అమ్మాయి.

"పర్లేదమ్మా."

"నీళ్ళు లోపలికొచ్చాయా?"

"వచ్చాయి, పోయాయి. వాటికి మాత్రం ఇక్కడేం పని?"

"మీ ఇంటికి తలుపు లేదేంటండీ?"

ఆయన తలుపు ఉండాల్సిన చోటికి చూశాడు. "గాలి బాగా వస్తుంది తల్లీ."

"మరి ఆవులు?"

"పైన గట్టు మీదున్నాయి. ఆవిడ చూసుకుంటోంది."

పెరట్లో కొత్తగా చదును చేసిన నేల చూసి, అక్కడ ఏం వేస్తున్నారని అడిగింది. "ఇంకా అనుకోలేదమ్మా" అన్నాడు. ఆ అమ్మాయి కొట్టంలో గోడకు చెయ్యి ఆనించి ఫొటోలు తీసుకుంది. చేతికి సున్నం అంటుకుంది. ఆయన తువ్వాలు తెచ్చి ఇచ్చాడు. ఆ రోజంతా ఏడుపులు విని విని ఉన్న పిల్ల, పోతూ పోతూ, "మీ ఇల్లు చూస్తే ప్రాణం లేచొచ్చిందండీ" అంది. ఆయనకు చాలా సంతోషమేసింది. కంచె అవతల గొర్రెలాయన బకెట్టు కింద పెట్టి నెత్తి మీద చెయ్యి వేసుకున్నాడు.

జాబితా వచ్చింది. గొర్రెలాయనకు విచారణ ఉందని రాశారు, సాక్షిని తెచ్చుకోమన్నారు. ఈయన పేరు పక్కన, 'నష్టం నామమాత్రం. సాయం అవసరం లేదు' అని రాశారు.

ఆవిడ ఆవుల్ని తోలుకుని ఇంటికొచ్చింది. తలుపు లేని గుమ్మంలో నిలబడి ఇల్లంతా ఓ చుట్టు చూసింది.

"ఏమండీ, ఆ పిల్ల వచ్చినప్పుడు మీరు ఇంట్లోనే ఉన్నారా?"

"ఉన్నా."

"స్పృహలోనే ఉన్నారా?"

"టీ కూడా పెట్టాను."

"టీ పెట్టారా! ఇల్లు మునిగి, మంద సగం పోతే టీ పెట్టి సాగనంపారా? అడగందే అమ్మైనా పెట్టదంటారు. మీరు అడక్కపోవడమే కాదు, వడ్డించడానికొచ్చినవాళ్ళకు మీరే కడుపునిండా పెట్టి పంపారు!"

"ఆ అమ్మాయి అలిసిపోయి వచ్చింది..."

"నేనూ అలిసిపోయే వచ్చాను. నాకేది టీ?"

ఆయన టీ పెట్టడానికి లేచాడు. వెనకనుంచి ఆవిడ మాటలు వస్తూనే ఉన్నాయి. అయితే ఆ కోపం అడుగున ఉన్న భయం ఆయనకూ తెలుసు. ఉన్న ఆవుల పాలతో ఒక్క క్యాను నిండదు. క్యాను నిండకపోతే పాలబండి ఈ సందులోకి రాదు. కొట్టం సరిగ్గా లేకపోతే చలికాలానికి ఉన్నవీ నిలవవు. సాయం రాకపోతే పశువుల్ని అమ్ముకోవడమే. అమ్ముకున్నాక ఆయనకు మిగిలేది బావమరిది దుకాణం.

బావమరిదికి టౌనులో కుళాయిలూ గొట్టాలూ అమ్మే దుకాణం ఉంది. మనిషి మంచివాడే. ఆ మంచితనంతోనే మర్నాడు వచ్చి కూర్చున్నాడు. "బావా, నీకోసం కుర్చీ వేయించాను. చక్రాల కుర్చీ. ఎటు కావాలంటే అటు తిరగొచ్చు. ఫ్యాన్ కింద కూర్చుని ఎవరికెన్ని అంగుళాల గొట్టం కావాలో చూడ్డమే పని. ఎలా ఉంది?"

ఆయన ఆ కుర్చీని ఊహించుకున్నాడు. పేడ వాసన లేని గది. మూగజీవం ఒక్కటీ లేదు. రోజంతా మాట్లాడే మనుషులు.

"పర్లేదు" అన్నాడు.

"చూశావా అక్కా, బావకు నచ్చింది!"

"నీ మొహం, నచ్చలేదు" అంది ఆవిడ ఆయన మొహం చూసి. "విచారణకు మనమూ అర్జీ పెట్టాం. అక్కడ ఈయన నోరు విప్పి పోయింది పోయిందని చెప్తే చాలు. అంతవరకు నీ కుర్చీకి చక్రాలున్నాయిగా, పక్కకు తొయ్యి."

అప్పట్నుంచి ఇంట్లో తర్ఫీదు మొదలైంది. బావమరిది ఆఫీసరు. ఆవిడ గురువు. ఆయన బాధితుడు.

"ఏమయ్యా, ఏం పోయింది?" అనేవాడు బావమరిది కాలు మీద కాలు వేసుకుని.

"అంటే... కొంచెం..."

"కొంచెం కాదు! సర్వనాశనం అనండి" అనేది ఆవిడ.

"సర్వనాశనం..." అని, ఆయన వెంటనే ఆ మాట తగలకుండా పక్కన ఉన్న చెక్కబల్లను ముట్టుకుని, "అయినా పర్లేదండీ" అనేవాడు.

"ఆ తోక తగిలించకండి!"

"కన్నీళ్ళు రావాలి బావా. నువ్వు ఏదైనా బాధాకరమైన సంగతి తలుచుకో."

"నీ దుకాణం తలుచుకోమను" అంది ఆవిడ.

ఎన్ని తిప్పలు పడినా మాట గొంతులోంచి పెగల్లేదు. ఎవరికీ తెలియని సంగతి ఏమిటంటే, ఆయన పెరట్లోకి వెళ్ళి ఒంటరిగా కూడా ప్రయత్నించాడు. కొట్టం వైపు తిరిగి, "పోయింది" అన్నాడు, మెల్లగా. ఉన్న ఆవులన్నీ నెమరు ఆపి ఆయన వైపు చూశాయి. ఆయన సిగ్గుపడి, "మిమ్మల్ని కాదులే" అని చెప్పి లోపలికొచ్చేశాడు.

విచారణ ఒక పొడుగాటి గదిలో. గోడకు చేరవేసిన బల్లలు, ఒకే ఒక్క ఫ్యాను, దాని కింద జలుబు చేసిన పెద్దాఫీసరు, పక్కన ఆ నష్టం రాసే అమ్మాయి. బల్లల మీద జనం ఒకరిని మించి ఒకరు తమ నష్టాన్ని పైకి ఎగదోసుకుంటున్నారు. ముందు పిలిచినాయన తన కోళ్ళఫారం మొత్తం ఊడ్చుకుపోయిందని బావురుమన్నాడు. ఆయనకు కోళ్ళఫారం ఉందన్న సంగతి కోళ్ళకు కూడా తెలియదని వెనక బల్ల మీద ఎవరో గొణిగారు.

గొర్రెలాయన వంతు వచ్చింది. సాక్షి ఎవరంటే, పర్లేదుగారు లేచాడు.

"ఈయన గొర్రెలు పోవడం మీరు చూశారా?"

"చూశానండి" అన్నాడాయన. అని ఆగలేదు. ఒంటికొమ్ము పొట్టేలు ముందు నీళ్ళలోకి ఎలా దిగిందో, దాన్ని నమ్ముకుని వెనక మంద ఎలా దిగిందో, గొర్రెలాయన గట్టు మీదనుంచి గొంతు పోయేలా ఎలా అరిచాడో చెప్పాడు. "ఈల వేసి పిలవడం అలవాటండి ఈయనకి. ఆ రోజు నోరెండిపోయి ఈల రాలేదు. ఇప్పటికీ మంద లేని దొడ్డి ముందు నిలబడి పెదాలు అలా పెట్టి చూసుకుంటాడు." గొర్రెలాయన తన సంగతి తానే కొత్తగా వింటున్నట్టు విని, నిజంగా ఏడ్చాడు. బకెట్టుతో తడిపిన బురద అవసరమే లేకపోయింది. పెద్దాఫీసరు కళ్ళజోడు తుడుచుకుంటూ, జలుబు వల్లేనని అందరికీ తెలిసేలా ఒకసారి తుమ్మాడు.

బల్ల చివర ఆవిడ, బావమరిది మొహాలు చూసుకున్నారు. ఇంత నోరుంది ఈయనకు!

తర్వాత ఆయన వంతే. ఆయన కదలకుండా అక్కడే నిలబడి ఉన్నాడు కాబట్టి కొత్తగా పిలవాల్సిన పని లేకపోయింది.

"చెప్పండి. మీకేం నష్టం?"

ఆయన నోరు తెరిచాడు. బావమరిది వెనకనుంచి రెండు చేతులూ పైకెత్తి 'సర్వనాశనం' అని సైగ చేశాడు.

"పర్లేదండీ" అన్నాడు.

గదిలో ఎవరో కిసుక్కుమన్నారు. పెద్దాఫీసరు ఆ అమ్మాయి వైపు చూశాడు. "మీరు రాసింది సరిగ్గానే ఉందిగా. మరి అర్జీ ఎందుకు పెట్టినట్టు?" అని కాగితం పక్కన పెట్టడానికి ఎత్తాడు.

"ఆగండి బాబూ" అంది ఆవిడ లేచి. సంచీలోంచి పాల కేంద్రం కార్డు తీసి బల్ల మీద పెట్టింది. "ఆవులు నా పేరు మీదున్నాయి. ఈయన్ని అడిగితే ఈయనేం చెప్తారు?"

పెద్దాఫీసరు కార్డు అటూ ఇటూ తిప్పాడు. "అయితే ఈయనెవరు?"

"నేను ఆవిడ భర్తనండి."

"అంటే యజమాని మీరు కాదు."

"కాదండి" అన్నాడాయన. ఆ మాట అంటుంటే నెత్తి మీద మోపు ఎవరో దించినట్టు భుజాలు తేలికపడ్డాయి.

"అప్పుడు నష్టం కూడా ఈయనది కాదు బాబూ, నాది" అంది ఆవిడ. "ఈయన సాక్షి. ఇందాక పక్కింటాయనకు సాక్ష్యం చెప్పారు కదా. నాకూ చెప్పమనండి."

పెద్దాఫీసరు కుర్చీలో వెనక్కి వాలాడు. "సరే. సాక్షీ, ఈవిడకేం పోయిందో చెప్పండి."

"ముందు అత్తగారు పోయారండి."

"అయ్యో. మనుషుల నష్టం పక్క గదిలో చూస్తారండి."

"ఆవండీ" అంది ఆవిడ. "పేరు నేను పెట్టాను."

"మీ అత్తగారు ఏమీ అనుకోలేదా?"

"పోలిక ఉందని ఆవిడే ఒప్పుకుంది."

నవ్వులు సద్దుమణిగేదాకా ఆయన ఆగాడు. తర్వాత మొదలుపెట్టాడు. మొదట నేల వైపు చూస్తూ, తర్వాత ఎటూ చూడకుండా. "ఈవిడ పొద్దున లేచి ముందు దాని దగ్గరికే వెళ్తుందండి. ఇద్దరూ పోట్లాడుకుంటారు. ఈవిడ తిడుతుంది, అది తోకతో కొడుతుంది. అదయ్యాక గానీ ఈవిడ మొహం కడుక్కోదు. దొరసాని మెడ కింద నిమిరితేనే పాలు చేపుతుంది. నేను నిమిరితే అదెప్పుడూ చేపలేదండి, ఈవిడ నిమిరితేనే. తొందరని ఈవిడే బయటికి లాగింది, అది అడ్డం తిరిగి పుడుతుంటే. డాక్టరు రాలేకపోయాడు. ఈవిడ మోచేతి దాకా... ఆ తర్వాత వాళ్ళమ్మ నిదానం ఆ పెయ్యని నాకకుండా ముందు ఈవిడ చెయ్యి నాకింది. ఆ నిదానం ఎటు పోయిందో కూడా తెలీదండి. మిగతావాటిని నేను పాతిపెట్టాను. ఈవిడ చూడకూడదని గబగబా చదును చేసేశాను."

ఆవిడ బల్ల మీది కార్డు అంచును గోటితో గీకుతూ నిలబడింది.

"శిబిరంలో ఈవిడ కుడితి ఎక్కువ కలిపేదండి. అన్నీ ఉన్నప్పుడు ఎంత కలిపేదో అంత. చెయ్యి అలవాటు. ఉన్నవి తాగాక మిగిలేది. ఆ బకెట్టు పట్టుకుని ఎవరికి పెట్టాలో తెలీక నిలబడేది. ఓ రోజు కాదు. నేను గేటు దాకా వచ్చి, చూసి, మళ్ళీ ఇంటికి పోయేవాణ్ణి. లోపలికి వెళ్తే ఎలా ఉన్నావని అడగాలి. అడిగితే..." ఆయన మొదటిసారి ఆవిడ వైపు చూశాడు. "అడిగితే ఈవిడ పర్లేదంటుందేమోనని భయమేసిందండి."

బావమరిది, తను ఎంత చెప్పినా రాని కన్నీళ్ళు ఇప్పుడు వచ్చాయి గానీ అవి తన కళ్ళలోంచే వచ్చాయని గమనించి, జేబురుమాలు వెతుక్కున్నాడు.

"కానీ సార్," అంది నష్టం రాసే అమ్మాయి, మొహం ఎర్రబడి, "నేను వెళ్ళినప్పుడు కొట్టం నిజంగానే బాగుంది. ఫొటోలు కూడా ఉన్నాయి, చూడండి." ఫోను ముందుకు జరిపి ఒక్కొక్కటే తిప్పింది. తిప్పుతూ తిప్పుతూ ఒకదాని దగ్గర ఆగిపోయింది. "సార్, ఈ గోడ..."

పెద్దాఫీసరు కళ్ళజోడు సవరించుకుని వంగాడు. గోడ కింది సగం తెల్లగా మెరిసిపోతోంది. పై సగం పాత బూడిద రంగు. రెండింటి మధ్య నూలుతాడు పట్టి గీసినట్టు తిన్నని గీత.

"ఏమండీ, ఈ గోడకు సున్నం సగమే కొట్టారేం?"

"మురికి అంతవరకే ఉందండి" అన్నాడాయన. "పైన బాగానే ఉంది కదా. సున్నం దండగ ఎందుకని."

"అంటే... నీళ్ళు ఇంతెత్తు వచ్చాయా?"

"చెయ్యెత్తుకి కాస్త తక్కువండి."

పెద్దాఫీసరు ముందు ఆ గీతను చూశాడు, తర్వాత ఆయన్ను చూశాడు, తర్వాత ఏమైందో గానీ భుజాలు కదిలేలా నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వు మధ్యలో తుమ్ములు, తుమ్ముల మధ్యలో నవ్వు. "ఈ జిల్లాలో నీటిమట్టం కొలవడానికి మేం పెట్టిన మనుషులెవరూ ఇంత నున్నగా గీత గీయలేదయ్యా!" అన్నాడు. ఆ అమ్మాయి నవ్వలేదు. తన చేతికి ఆ రోజు అంటుకున్న సున్నం ఇప్పటికీ ఉన్నట్టు అరచెయ్యి చూసుకుంది. "మీ ఇంటికి తలుపు ఎందుకు లేదో నాకిప్పుడు తెలిసిందండీ" అంది, ఫొటోలో కొట్టానికున్న ఇంటి తలుపు చూస్తూ, మెల్లగా.

"గాలి కూడా వస్తుందిలే అమ్మా" అన్నాడాయన, ఆ పిల్ల బాధపడుతుంటే చూడలేక.

కొట్టానికీ మేతకూ సాయం రాశారు. గొర్రెలాయన పరిగెత్తుకుంటూ వచ్చి, గుంటలో పాతడం తాను కంచె మీంచి చూశానని సాక్ష్యం చెప్పాడు కాబట్టి మూడు ఆవులకూ రాశారు. నిదానానికి మాత్రం రాయలేదు. కళేబరం ఎవరికీ కనపడలేదు కనుక అది పోయినట్టు చెప్పలేమన్నారు. "అదీ నిజమే" అంది ఆవిడ బస్సులో. "అది నడిచే నడకకి, ఇంకా దార్లోనే ఉండుంటుంది." ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. దిగాల్సిన చోటు వచ్చేముందు ఆవిడ అడిగింది. "గేటు దగ్గరి నుంచి అన్నిసార్లు చూశారు కదా. ఒక్కసారి లోపలికి రావచ్చుగా?"

ఆయన నాలుక చివరిదాకా వచ్చిన మాటను మింగేశాడు. "వచ్చుండాల్సింది" అన్నాడు.

సొమ్ము ఆవిడ పేరున పడింది. కొత్త ఆవులొచ్చాయి. క్యాను నిండాక పాలబండి మళ్ళీ సందు మలుపులో హారన్ కొట్టింది. వాగు పక్కనవాళ్ళు ఇప్పుడు ఆవిడను 'ఆసామిగారూ' అని పిలవడం మొదలుపెట్టారు. ఆవిడ మొదట విసుక్కుంది గానీ, తర్వాత పిలుపు వినపడితే కొంగు సర్దుకుని పలుకుతోంది. ఆయన్ను మాత్రం 'సాక్షిగారు' చేద్దామని గొర్రెలాయన కొన్నాళ్ళు ప్రయత్నించాడు. అతకలేదు. బావమరిది చక్రాల కుర్చీలో ఇప్పుడు బావమరిదే కూర్చుంటున్నాడు. అది చాలా బాగుందని, అసలు తనకు తాను ఎప్పుడో కొనుక్కోవాల్సిందని అంటాడు.

ఇంటికి తలుపు వచ్చింది. కొట్టానికి వేరే తలుపు వచ్చింది. ఒక రోజు మధ్యాహ్నం పాలు పోసి వచ్చాక ఆయన సున్నం కలుపుకుని, పీట వేసుకుని, గోడ పై సగానికి కొడదామని కుంచె ఎత్తాడు. ఎలాగూ కొత్త ఆవులొచ్చాయి, గోడ రెండు రంగుల్లో ఉంటే ఏం బాగుంటుందని.

"దిగండి" అంది వెనకనుంచి ఆవిడ.

"పైన మిగిలిపోయిందని..."

"మిగలనివ్వండి. మళ్ళీ ఎవరైనా వచ్చి అడిగితే ఆ గోడైనా చెప్తుంది."

ఆయన గోడను చూశాడు. ఆ గీత కింద, అత్తగారి గాటిలో, కొత్తగా వచ్చిన ఎర్రావు ముట్టె పెట్టి, తనది తినకుండా పక్క గాటిలోకి తొంగిచూస్తోంది. ఆవిడ కూడా అటే చూసింది. చూసి, దానికి ఏ పేరూ పెట్టలేదు. ఇంకా తొందరేం లేదు.

ఆయన కుంచె డబ్బాలో పెట్టి, పీట మీంచి మెల్లగా దిగాడు. దిగుతూ నడుం పట్టుకుని, "అబ్బ, నొప్పి" అన్నాడు.

ఆవిడ గిర్రున తిరిగింది. "ఏమన్నారూ?"

ఆయన కంగారుపడ్డాడు. దొంగతనం చేస్తూ దొరికిపోయినవాడిలా అటూ ఇటూ చూసి, చేతికందిన చెక్కపీటను ముట్టుకున్నాడు.

"ఏం లేదు," అన్నాడు, "పర్లేదు."